విరేచనంలో రక్తం పడితే మొలలే అనుకోవచ్చా? కొలనోస్కోపీ గురించి, ఇంటి చరిత్ర గురించి

మీరు రాసింది ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, చదివే మిగతావాళ్ళకు విషయం తెలియాలి కదా. మీది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 57 ఏళ్ళు, వరి వ్యవసాయం. ఏడెనిమిది నెలలుగా విరేచనంలో అప్పుడప్పుడూ రక్తం పడుతోంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు మొలలని చెప్పి మాత్రలు, పూతమందు ఇస్తున్నారు. ఈమధ్య నీరసం ఎక్కువైతే రక్తపరీక్ష చేయించారు, హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. కడుపు స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. విరేచనం పరీక్షలో రక్తం లేదని వచ్చింది. రాజమండ్రిలో చూపిస్తే డాక్టరు గారు కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, రాశారు. నాన్నగారేమో దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక చూద్దాం అంటున్నారు. మీ బాబాయికి 46వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది, రెండేళ్ళలో పోయారు. నాయనమ్మకు గర్భసంచి క్యాన్సర్. కొలనోస్కోపీ తప్పదా, విరేచనం పరీక్ష ఇంకోసారి చేయిస్తే సరిపోదా, 32 ఏళ్ళ మీకు కూడా ఏమైనా చేయించుకోవాలా అని అడిగారు.

కొలనోస్కోపీ తప్పదు. కోతల దాకా ఆగొద్దు, పది పదిహేను రోజుల్లో చేయించండి. రేపే పరిగెత్తాల్సినంత తొందర కూడా లేదు. అయితే కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకుండా బిగిసిపోతే, లేదా రక్తం ధారగా పడి కళ్ళు తిరిగితే ఇక డేట్ల సంగతి చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

నేను చదువుకుంది కాకినాడలో, పనిచేసింది అంతా ఈ డెల్టాలోనే, కడుపు, పేగుల జబ్బుల మీద. మీ ఉత్తరంలో ఉన్నలాంటి కథ నెలనెలా వింటాను. రక్తం కనబడగానే మనవాళ్ళు మొదట అనేది 'వేడి చేసింది' అని. సబ్జా గింజలు నానబెట్టి తాగుతారు, ఆవకాయ మానేస్తారు. నాలుగు రోజుల్లో రక్తం ఆగుతుంది, వైద్యం పనిచేసిందనుకుంటారు. పేగులో గడ్డ ఉన్నా రక్తం రోజూ పడదు, వస్తూ పోతూ ఉంటుంది. అందుకే ఏ మందు వాడినా మధ్యలో ఆగినట్టే కనబడుతుంది. జిగట విరేచనాలని చెప్పి మెట్రోనిడజోల్ కోర్సు మీద కోర్సు వాడిన వాళ్ళదీ ఇదే పరిస్థితి.

నిజం చెప్పాలంటే, విరేచనంలో రక్తం పడినవాళ్ళలో ఎక్కువమందికి చివరికి మొలలో, ఆసనం దగ్గర చీలికో అనే తేలుతుంది. ఆర్‌ఎంపీ గారు ఊహించింది అసాధ్యమైనదేమీ కాదు. కానీ మొలలు ఉన్నంత మాత్రాన పైన ఇంకేమీ లేదని కాదు. 57 ఏళ్ళ మనిషికి మొలలూ ఉండొచ్చు, పైన గడ్డా ఉండొచ్చు. వయసు, రక్తహీనత, సొంత తమ్ముడికి వచ్చిన జబ్బు, ఈ మూడూ కలిశాక లోపల చూడకుండా మొలలని తేల్చడం సరికాదు. ఇన్ని నెలల్లో ఎవరైనా గ్లవ్ వేసుకుని వేలితో పరీక్ష చేశారా? మీరు రాయలేదు కాబట్టి చేసి ఉండరనుకుంటున్నాను. మన దేశంలో ఈ క్యాన్సర్లు మలాశయంలో, అంటే పేగు ఆఖరి భాగంలో ఎక్కువగానే వస్తాయి. వాటిలో చాలావాటిని వేలితోనే పట్టుకోవచ్చు. నిమిషం పట్టే పరీక్ష, పైసా ఖర్చు లేదు. సిగ్గుపడి రోగి అడగడు, తీరిక లేక డాక్టరు చేయడు.

హిమోగ్లోబిన్ గురించి ఒక మాట. నెలసరి ఉన్న ఆడవాళ్ళలో రక్తం తగ్గడానికి కారణం వేరేగా ఉండొచ్చు. యాభై దాటిన మగవాడికి ఐరన్ తగ్గి రక్తహీనత వచ్చిందంటే, జీర్ణకోశంలో ఎక్కడో రక్తం కారుతోందేమో అని ముందు చూడాలి. పేగు కుడివైపు గడ్డ ఉంటే కంటికి రక్తమే కనబడకపోవచ్చు, నీరసం, ఆయాసం, బరువు తగ్గడం ఇవే పైకి తెలుస్తాయి. ఎడమవైపు అయితే రక్తం, జిగురు, విరేచనం అలవాటు మారడం, వెళ్ళివచ్చినా ఇంకా మిగిలిపోయినట్టు అనిపించడం. ఐరన్ మాత్రలు వాడితే నీరసం తగ్గుతుంది, అదొక మోసం. అంకె పెరిగిందని సంతోషపడి కారణం వెతకడం మానేస్తారు.

ఇక మీ రెండో ప్రశ్న. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. విరేచనంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే పరీక్ష ఏ లక్షణమూ లేని మనిషి కోసం. వేలమందిలో ఎవరికి కొలనోస్కోపీ అవసరమో ఏరడానికి దాన్ని వాడతారు, స్క్రీనింగ్ అంటే అదే. మీ నాన్నగారికి రక్తం కంటికే కనబడుతోంది. ఆయనకు కావలసింది స్క్రీనింగ్ కాదు, రోగనిర్ధారణ. ఆ రోజు ఇచ్చిన శాంపిల్‌లో రక్తం లేకపోతే నెగెటివ్ వస్తుంది, అంతకుమించి దానికి అర్థం లేదు. వీటిలో మంచి రకమైన ఫిట్ (FIT) అనే పరీక్ష కూడా ఒక్కసారి చేస్తే నాలుగు క్యాన్సర్లలో ఒకదాన్ని వదిలేసే అవకాశం ఉంది. అందుకే దాన్ని ఏటేటా చేయించమంటారు. కడుపు స్కానింగ్ సంగతీ అంతే. అల్ట్రాసౌండ్ లివరు, కిడ్నీ, పిత్తాశయం బాగా చూస్తుంది. పేగు లోపలి గోడ మీద ఉన్న చిన్న గడ్డను చూసే పరీక్ష కాదది. 'స్కానింగ్ నార్మల్' అన్న కాగితం చేతిలో పట్టుకుని ఏడాది పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో సీఈఏ అనే రక్తపరీక్షను క్యాన్సర్ పరీక్ష పేరుతో కలిపి అమ్ముతున్నారు. క్యాన్సర్ అని తేలిన తర్వాత వైద్యం ఎలా సాగుతోందో చూడటానికి అది పనికొస్తుంది. ముందుగా కనిపెట్టడానికి పనికిరాదు. తొలిదశలో చాలామందికి నార్మల్‌గానే ఉంటుంది, చుట్ట, సిగరెట్ తాగేవాళ్ళకు ఏ క్యాన్సరూ లేకుండానే కాస్త పెరుగుతుంది. దాని మీద డబ్బు పెట్టొద్దు.

ముందే చూడటం వల్ల లాభం ఏమిటంటే, ఈ జబ్బు మనకు చాలా సమయం ఇస్తుంది. ఎక్కువ భాగం పెద్దపేగు క్యాన్సర్లు పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలవుతాయి, కొన్ని పుట్టగొడుగులా తొడిమతో ఉంటాయి. అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ళు పడుతుంది. అన్ని పాలిప్‌లూ మారవు. కొలనోస్కోపీ చేసేటప్పుడే వైరు ఉచ్చు వేసి దాన్ని తీసేస్తారు, కోత లేదు, కుట్లు లేవు. క్యాన్సర్‌ను కనిపెట్టడమే కాదు, రాకుండా ఆపగల పరీక్షలు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి. అమెరికాలో పాలిప్‌లు తీయించుకున్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 2012లో ఒక అధ్యయనం వెలువరించారు. మామూలుగా ఉండాల్సిన దానికంటే పెద్దపేగు క్యాన్సర్ మరణాలు వాళ్ళలో సగానికి పైగా తగ్గాయి. అక్కడి లెక్కల్లోనే, జబ్బు పేగు దాటకముందు దొరికితే పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్ళు దాటుతున్నారు. లివరుకో ఊపిరితిత్తులకో పాకాక దొరికితే ఇద్దరు కూడా దాటడం లేదు.

నాన్నగారిని ఎలా ఒప్పించాలని అడిగారు. అబద్ధం చెప్పొద్దు. 'క్యాన్సరేమో' అని భయపెట్టనూ వద్దు. 'రక్తం ఎక్కడినుంచి కారుతోందో చూస్తే తప్ప మందు రాయలేమన్నారు' అనండి. అది అక్షరాలా నిజం. కోతలకు మనుషుల్ని, మిషన్‌ని మాట్లాడుకోవడం మీరు చూసుకుంటానని చెప్పండి. నా అనుభవంలో రైతు వాయిదా వేసేది జబ్బు భయంతో కంటే పని చెడుతుందనే ఎక్కువ. నిజానికి పోయేది రెండు రోజులే.

ఆ రెండు రోజుల్లో కష్టం పరీక్షది కాదు, దానిముందు పేగు కడుక్కోవడానిది. ఐరన్ మాత్రలు వాడుతుంటే ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే పేగు లోపలంతా నల్లటి మడ్డి పట్టి ఏమీ కనబడదు. రక్తం పలచబడే మందులు, షుగరు మందులు ఉంటే ఎప్పుడు ఆపాలో డాక్టరునే అడగాలి, సొంతంగా ఆపొద్దు. రెండు మూడు రోజుల ముందు నుంచి గింజలు, పీచు ఉన్నవి మానేయాలి: జామకాయ, వంకాయ, టమాటా, గోంగూర, తోటకూర. తెల్లన్నం, చారు, పెరుగు, గుడ్డు తినొచ్చు. ముందురోజు చాలాచోట్ల ద్రవాలే తీసుకోమంటారు. వడకట్టిన నిమ్మకాయ నీళ్ళు, పాలు లేని టీ, కొబ్బరి నీళ్ళు. మనకు కొబ్బరి నీళ్ళకు లోటు లేదు కదా. ఒక్క మాట, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం అడిగి తాగాలి, దాంట్లో పొటాషియం ఎక్కువ. పాలు, మజ్జిగ, ఎర్రరంగు డ్రింకులు ఆ రోజు వద్దు.

మందు పొడిని రెండు లీటర్ల నీళ్ళలో కలిపి సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగమంటారు. రుచి బాగుండదు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా, పావుగంటకో గ్లాసు చొప్పున తాగితే కడుపు తిప్పదు. ఆ రాత్రి బాత్రూం దగ్గరి గదిలో పడుకోబెట్టండి. మసక వెలుతురులో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే అదో పెద్ద కథ. చివరికి వచ్చేది లేత పసుపు నీళ్ళలా తేటగా ఉండాలి. ఇంకా మట్టిరంగులోనే వస్తుంటే దాచకుండా సిబ్బందికి చెప్పండి. సరిగా కడగని పేగులో పరీక్ష చేసి 'నార్మల్' అని రాయించుకోవడం కంటే ఇంకోరోజు చేయించుకోవడం నయం.

పరీక్షకు పట్టేది అరగంట. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, కాస్త మత్తు ఇచ్చి, చివర కెమెరా ఉన్న మెత్తటి గొట్టం పంపుతారు. తర్వాత కాసేపు కడుపులో గ్యాసు ఉంటుంది, తగ్గిపోతుంది. ఆ రోజు ఆయన బండి నడపకూడదు, కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు, వెంట ఒకరు ఉండాలి. పేగుకు చిల్లు పడుతుందని ఎవరో భయపెట్టారని రాశారు. పడే అవకాశం ఉంది, కానీ వెయ్యిమందిలో ఒకరికి కూడా జరగదు. అలాంటిది జరిగితే చూసుకోగల సర్జన్ ఉన్నచోట చేయించుకోండి చాలు.

లోపల ఏదైనా కనబడితే ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. 'ముక్క తీస్తే పాకుతుంది' అనే మాట మీ ఇంట్లో ఎవరో ఒకరు అని తీరతారు. పాకదు. బయాప్సీ లేకుండా క్యాన్సర్ డాక్టర్లు మామూలుగా వైద్యం మొదలుపెట్టరు. రెండో భయం, ఆపరేషన్ చేసి మలం పోవడానికి కడుపు పక్కన సంచి పెడతారని. అందరికీ పెట్టరు. పెట్టినా చాలామందికి అది కొన్ని నెలలే, కుట్లు మానాక మూసేస్తారు. గడ్డ ఆసనానికి బాగా దగ్గరగా ఉన్నప్పుడే శాశ్వతంగా ఉంచాల్సి రావచ్చు. మలాశయం గడ్డలకు ఇప్పుడు చాలాసార్లు ముందు రేడియేషన్, కీమో ఇచ్చి చిన్నది చేసి, తర్వాత ఆపరేషన్ చేస్తున్నారు. తొందరగా పట్టుకుంటే సంచి అవసరం కూడా తగ్గుతుంది. ఆయన భయపడేది సంచికే అయితే, వాయిదా వేయకుండా ఉండటానికి అదే కారణం.

ఎక్కడ చేయించాలంటే, రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరంలో కొలనోస్కోపీ చేసేవాళ్ళున్నారు. డబ్బు ఇబ్బందైతే కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ముందు కనుక్కోండి. ప్రైవేటులో ధర అడిగేటప్పుడు మత్తు, బయాప్సీ, పాలిప్ తీయడం కలిపి చెప్పారో విడివిడిగానో అడగండి, బిల్లు దగ్గర గొడవ వచ్చేది అక్కడే. క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరుగుతాయి, మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం. విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ముంబై టాటా మెమోరియల్ వాళ్ళదే. అక్కడికి వెళ్ళేటప్పుడు బయాప్సీ కాగితం ఒక్కటే కాకుండా ఆ ముక్కతో చేసిన గాజు స్లైడ్లు, మైనం బ్లాకులు కూడా అడిగి తీసుకెళ్ళండి.

మీ అమ్మగారికి 52 అన్నారు, ఏ లక్షణాలూ లేవన్నారు. స్క్రీనింగ్ గురించి ఆలోచించాల్సింది ఆమెకు. ఆశా కార్యకర్త వచ్చి పరీక్షలు రాసుకెళ్ళింది, ఇక అయిపోయింది కదా అనుకుంటారేమో. ప్రభుత్వ కార్యక్రమంలో 30 దాటినవాళ్ళకు చూసేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడే. పెద్దపేగు అందులో లేదు. 2025 మార్చిలో బలభద్రపురం ఊళ్ళో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న విషయం అసెంబ్లీ దాకా వెళ్ళి, వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగినప్పటి నుంచి మన జిల్లాల్లో క్యాన్సర్ అంటే భయం పెరిగింది. ఆ భయంతో చేయించుకునే పరీక్షల్లో మాత్రం పేగు ఊసే ఉండదు. 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఏడాది కొత్తగా 19 లక్షల మందికి ఇది వచ్చింది, మన దేశంలో 70 వేల మందికి. జనాభాతో పోలిస్తే మన రేటు పాశ్చాత్య దేశాల కంటే తక్కువే. దేశమంతటికీ స్క్రీనింగ్ పెట్టకపోవడానికి అదో కారణం. అమెరికాలో 2021 నుంచి అందరికీ 45కే మొదలుపెట్టమంటున్నారు. నా అభిప్రాయం అడిగితే, 45 దాటి, ఏడాదికోసారి షుగరు పరీక్షకు డబ్బు పెట్టగలిగినవాళ్ళు ఫిట్ కూడా చేయించుకోవచ్చు. కొలనోస్కోపీకి ఒప్పుకుంటే, నార్మల్ వస్తే మళ్ళీ పదేళ్ళ దాకా అక్కర్లేదు.

ఫిట్‌కు పథ్యం లేదు. పాత రకం పరీక్షకు మాంసం మానాలి, సి విటమిన్ మాత్రలు ఆపాలి, దీనికి అవేమీ లేవు. కానీ మన ఎండలు దీన్ని చెడగొడతాయి. శాంపిల్ సీసా మే నెలలో స్కూటర్ డిక్కీలో పూటంతా ఉంటే లోపలి హిమోగ్లోబిన్ విరిగిపోయి తప్పుడు నెగెటివ్ వస్తుంది. పొద్దున్నే తీసి వెంటనే ల్యాబులో ఇవ్వండి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టండి. పాజిటివ్ వస్తే తర్వాత అడుగు కొలనోస్కోపీయే. ఇంకో ల్యాబులో మళ్ళీ ఫిట్ చేయించి, నెగెటివ్ వచ్చిందని మొదటిది చింపేయకూడదు.

తిండి గురించి క్లుప్తంగా. పొగాకు, మద్యం, పొట్ట, కదలకుండా కూర్చోవడం ముప్పు పెంచుతాయి. సాసేజ్, బేకన్ లాంటి నిల్వ మాంసాలు క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం 2015లోనే తేల్చింది. పులస పులుసుతో భయం లేదు. మూడుపూటలా పాలిష్ బియ్యమే తినే మన కంచంలో పీచు తక్కువ, పప్పు, ఆకుకూరలు పెంచుకోవాలి. ఇవన్నీ ముందు ముందు జాగ్రత్తకు. ఇప్పుడు పడుతున్న రక్తానికి ఇవి మందు కాదు.

ఇప్పుడు మీ సంగతి. మీరు ఏదో మాటవరసకు రాసినట్టున్న నాయనమ్మ జబ్బు దగ్గరే నేను ఆగిపోయాను. ఆమెకు వచ్చింది గర్భసంచి లోపలి పొరలోనా, ముఖద్వారంలోనా? మనిళ్ళలో రెండింటినీ ఒకే మాటతో చెప్తారు. ముఖద్వారం అయితే ఈ లెక్కలోకి రాదు. లోపలి పొర అయితే విషయం వేరు. లించ్ సిండ్రోమ్ అని వంశపారంపర్యంగా వచ్చేది ఒకటుంది, అందులో పెద్దపేగు క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ఒకే కుటుంబంలో తిరుగుతాయి, చిన్న వయసులోనే వస్తాయి. తల్లి, ఇద్దరు కొడుకులు, అందులో ఒకరు యాభై లోపు: నాన్నగారికి కూడా తేలితే సరిగ్గా ఆ నమూనా అవుతుంది. దీనికి మేనరికంతో సంబంధం లేదు, అమ్మానాన్నల్లో ఒకరి దగ్గర ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. అప్పుడు నాన్నగారి బయాప్సీ ముక్క మీదే ఎంఎంఆర్ ప్రొటీన్ల (కణంలో డీఎన్‌ఏ తప్పులను సరిచేసేవి) పరీక్ష చేయించమని అడగండి. అందులో తేడా కనబడితే తర్వాత జన్యు పరీక్ష. మీకు కూడా ఉందని తేలితే, 20, 25 ఏళ్ళ నుంచే ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ చేయించుకోవాల్సిన గుంపులోకి వస్తారు, అంటే వెంటనే మొదలుపెట్టాలి.

లించ్ కాకుండా మామూలు క్యాన్సర్ అని తేలితే మీరు 40కి మొదలుపెట్టి ఐదేళ్ళకోసారి చేయించుకోవాలి. నాన్నగారివి ఉత్త మొలలే అయి, నాయనమ్మది ముఖద్వారమే అయితే, బాబాయి ఒక్కరి జబ్బు వల్ల మీ ముప్పు పెద్దగా పెరగదు, అందరిలాగే 45కి చూసుకోవచ్చు. అందాకా మీకు రక్తం కనబడితే మాత్రం వయసు చూసుకుని ఊరుకోవద్దు.

బాబాయి పిల్లల గురించి మీరు అడగలేదు. వాళ్ళు మీకంటే ముందు వరసలో ఉన్నారు. కన్నతండ్రికి 46లో వచ్చింది కాబట్టి అంతకు పదేళ్ళ ముందు, అంటే 36కల్లా వాళ్ళకు మొదటి కొలనోస్కోపీ జరగాలి, లించ్ అయితే ఇంకా ముందే. బాబాయి ఆపరేషన్ కాగితాలు పిన్నిగారి దగ్గర ఉంటాయి. వాటిలో హిస్టోపాథాలజీ (తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి రాసేది) అని ఉన్న రిపోర్టు ఫోటో తీసుకోండి, నాన్నగారిని చూసే డాక్టరుకు అది కావాలి. ఆ కాగితం కోసం వెళ్ళినప్పుడే పిల్లల సంగతి పిన్నిగారితో మాట్లాడండి.